పదికి మూడు

పోయినేడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అమ్మ పెరట్లో బావి గట్టు దగ్గర కాలు జారి పడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు వంట చేసింది, ముగ్గు వేసింది, గేదెకు కుడితి కూడా పెట్టింది. గోడ పట్టుకుని నడవడం చూసి పక్కింటి పిన్నిగారు అడిగితే, "తుంటి దగ్గర కాస్త పట్టేసిందమ్మా, బామ్ రాస్తే అదే పోతుంది" అందిట. మూడో రోజు మంచం మీంచి లేవలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం, డాక్టర్లు ఎముక మెడ అనే చోట, విరిగి ఉంది. విరిగిన ముక్క రెండోదాంట్లోకి దిగబడి ఇరుక్కుపోతే మనిషి నిలబడగలడని, కొందరు నడుస్తారు కూడానని ఎముకల డాక్టరు చెప్పాడు. "నడుస్తారు గానీ నొప్పి లేకుండా నడవరండీ" అన్నాడు.

మూడు స్క్రూలు వేశారు. మర్నాడు నర్సు వచ్చి అడిగింది. "మామ్మగారూ, నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తే ఎన్ని వేస్తారు?"

అమ్మ కాసేపు ఆలోచించి "మూడు" అంది.

నర్సు కాగితం మీద మూడు అని రాసుకుని పక్క మంచానికి వెళ్ళింది. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికేం లేదు. అడగాల్సింది అడిగింది, విన్నది రాసింది. కానీ నేను మంచానికి ఇటువైపు కూర్చున్నాను కాబట్టి దుప్పటి అంచున అమ్మ చెయ్యి నాకు కనిపిస్తోంది. ఇనప కమ్మీని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నిజంగా మూడేనా?" అన్నాను నర్సు వెళ్ళాక.

"ఎక్కువ చెబితే ఖరీదైన ఇంజక్షన్ వేస్తారు కదరా" అంది.

అప్పటినుంచి ఈ మూడు నన్ను వదల్లేదు. మనిషి లోపల జరిగేదీ బయటికి కనబడేదీ వేరువేరా, ఒకటేనా అన్నది తీరిక ఉన్నవాళ్ళు వేసుకునే ప్రశ్న అనుకునేవాణ్ణి. వేరు కాకపోతే మా అమ్మకి నిజంగానే మూడు మార్కుల నొప్పి ఉందనాలి. రెండు రోజులు వంట చేసినప్పుడు ఆమె ఎముక విరిగింది గానీ నొప్పి లేదనాలి. అలా అనగలిగిన పెద్దమనుషులు కూడా ఉండేవారు. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లోపలి అనుభూతుల గొడవ మనకొద్దు, పైకి కనబడే ప్రవర్తన ఒక్కటే శాస్త్రానికి పనికొచ్చే సరుకు అని తేల్చేశాడు. దాదాపు యాభై ఏళ్ళు ఆ పద్ధతే చెల్లింది. వాళ్ళ మీద ఒక పాత జోకు ఉంది. ఆ బాపతు వాళ్ళిద్దరు దారిలో ఎదురుపడితే ఒకరు రెండోవారితో అంటారట: "మీరు బాగున్నారు. మరి నేనెలా ఉన్నాను?"

జోకు పక్కన పెడితే, అవతలి పక్షంలో బలమైన మాట ఒకటుంది. దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. ఆస్ట్రియాలో పుట్టిన తత్వవేత్త విట్గెన్‌స్టీన్ చెప్పినది, నా భాషలో చెప్పుకుంటాను. నొప్పి అనే మాట మనకెలా వచ్చింది? ఎవరూ మన లోపలికి తొంగిచూసి "ఇదిగో, దీన్ని నొప్పి అంటారు" అని నేర్పలేదు. నడక నేర్చే పిల్లవాడు పడతాడు. పడగానే ఏడవడు. ముందు అమ్మ మొహం చూస్తాడు. అమ్మ గాభరాగా పరిగెత్తుకొస్తే రాగం అందుకుంటాడు. "అబ్బే, ఏం కాలేదు, చీమ చచ్చిపోయింది చూడు" అంటే నిజంగానే చీమ కోసం వెతుకుతాడు. మరీ ఏడిస్తే అమ్మ నేలను నాలుగు దెబ్బలు కొట్టి "మా బాబుని కొడతావా" అంటుంది. నొప్పి అనే మాటకి అర్థం మనం నేర్చుకున్నది ఈ బజార్లోనే, నలుగురి మధ్యే. ఎవరికి వారు తమ డబ్బాలో దాచుకున్న పురుగు లాంటిదైతే, ఎవరి డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియకపోతే, ఆ మాటతో అసలు మాట్లాడుకోగలిగేవాళ్ళమే కాదు.

ఇది ఒప్పుకుంటాను. మాట బయట పుట్టిందనే ఒప్పుకుంటాను. నొప్పి కూడా బయటే ఉందనడానికి అది చాలదు.

ఎందుకు చాలదో చెప్పడానికి తర్కం కంటే ఒక ఆపరేషన్ గది కథ బాగా పనికొస్తుంది. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాల మొనలకు పూసే కురారే అనే విషం ఉంది. అది ఒంట్లో మనం కదిలించే కండరాలన్నిటినీ సడలించేస్తుంది. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే డాక్టరు దాన్ని ఆపరేషన్లలో వాడటం మొదలుపెట్టాడు. మనిషి కదలకుండా ఉంటే కోసేవాళ్ళకి సులువు. అయితే ఒక అనుమానం మిగిలింది. ఇది కండరాలనే పడుకోబెడుతుందా, మెదడుకు మత్తు కూడా ఇస్తుందా? కురారే ఎక్కిన మనిషిని చూసి చెప్పడం కుదరదు. సూది గుచ్చినా ఉలికిపడడు, అరవడు, కన్ను కూడా ఆర్పడు. వాట్సన్ లెక్కన చూస్తే అతనికి నొప్పి లేదు.

యూటా విశ్వవిద్యాలయంలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టరు తన ఒంటి మీదే తేల్చుకున్నాడు. ఊపిరి కండరాలు ఆగడానికి సరిపడే మోతాదు కంటే రెండున్నర రెట్లు ఎక్కించుకున్నాడు. తోటివాళ్ళు ఊపిరి అందిస్తూ మధ్యమధ్య ప్రశ్నలు వేశారు, పరీక్షలు చేశారు. కదలిక ఒక్కొక్కటే పోయింది, చివరికి కనురెప్పలు కూడా. మందు దిగాక లేచి, తనకు మొదటినుంచి చివరిదాకా పూర్తి తెలివి ఉందని, నొప్పి నొప్పిలాగే తెలిసిందని చెప్పాడు. ఆ సమయంలో చుట్టూ ఏం జరిగిందో కూడా చెప్పాడు. 1947లో అచ్చయింది ఆ నివేదిక. బయట ఉన్నదంతా తీసేసినా లోపలిది చెక్కుచెదరలేదు. ఇంతకంటే తేటగా ఎలా రుజువు చేస్తారో నాకు తెలియదు.

తర్వాతి కాలంలో మత్తు డాక్టర్లు ఒక చిన్న ఏర్పాటు కనిపెట్టారు. 1977లో టన్‌స్టల్ అనే ఆయన రాశాడు దీని గురించి. కండరాల మందు ఎక్కించే ముందు ఒక ముంజేతికి బీపీ పట్టీ లాంటిది బిగిస్తారు. మందు ఆ చేతిలోకి వెళ్ళదు. ఒళ్ళంతా శవంలా పడి ఉన్నా ఆ ఒక్క చెయ్యి కదులుతుంది. "నా మాట వినబడితే చెయ్యి నొక్కండి" అంటారు. ఇంటికి అన్ని తలుపులూ మూసి ఒక్క కిటికీ తెరిచి ఉంచడమే. దుప్పటి అంచున అమ్మ చెయ్యి నాకు ఆ కిటికీ.

ఇక్కడితో ఆపేస్తే లోపలా బయటా వేరు అని సుఖంగా తేలిపోయేది. కానీ పసిపిల్లల కథ చదివాక సుఖం పోయింది.

1980ల నడిమి దాకా అమెరికాలో, యూరప్‌లో చాలా చోట్ల నెలల బిడ్డలకు సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. మత్తు మందు ఆ చిన్న ప్రాణానికి ప్రమాదమన్న భయం నిజమే, అది పూర్తిగా సాకు కాదు. దాని పక్కనే ఇంకో నమ్మకం ఉండేది. పసివాళ్ళ నరాలు ఇంకా పండలేదు, వాళ్ళకు నొప్పి తెలియదు. మరి గుచ్చితే ఏడుస్తారే, కాళ్ళు ముడుచుకుంటారే? అవన్నీ రిఫ్లెక్స్‌లు, పైపై కదలికలు, లోపల ఏమీ ఉండదు అని జవాబు. 1985లో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బిడ్డకు వాషింగ్టన్‌లో గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కదలకుండా కండరాల మందు ఇచ్చారు. నొప్పికీ మత్తుకూ ఏమీ ఇవ్వలేదు. బిడ్డ దక్కలేదు. తర్వాత తల్లి రికార్డులు చూసి, డాక్టర్లను అడిగి, ఈ సంగతి తెలుసుకుంది. ఊరుకోలేదు, నలుగురిలో పెట్టింది.

దాదాపు అదే సమయంలో ఇందోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కె.జె.ఎస్. ఆనంద్ అనే డాక్టరు, ఆపరేషన్ నుంచి తిరిగొచ్చిన పిల్లల ఒళ్ళు ఎందుకంత పాడై ఉంటోందని వెతికాడు. నొప్పి మందు ఇచ్చిన పిల్లల్లో, ఇవ్వని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు కొలిచాడు. మందు ఇచ్చినవాళ్ళలో ఆ హార్మోన్ల ఉప్పెన తగ్గింది, ఆపరేషన్ తర్వాత చిక్కులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు వచ్చాయి, అదే ఏడు అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసివాళ్ళకూ మత్తు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది. మా అక్క అప్పటికి బడికి వెళ్తోంది. అంత దగ్గరి కాలం ఇది.

"ఏడవని బిడ్డకు పాలెవరిస్తారు" అంటాం. వీళ్ళు ఏడ్చారు. ఏడుపు వినబడింది. విని, "లోపలా బయటా వేరు కదా, ఇది ఉత్త బయటిదే" అన్నారు. నేను ఇంతసేపూ గెలిపించాలని చూసిన వాదనే వాళ్ళ చేతిలోకి వెళ్ళి ఆ పని చేసింది.

లోపలిదీ బయటిదీ వేరన్న సంగతి నిజానికి అందరికీ తెలుసు. దాన్ని ఎవరి మీద ఎప్పుడు వాడతామన్న దగ్గరే గొడవంతా. అమ్మ మౌనంగా ఉంటే బయట లేదు కాబట్టి లోపలా లేదన్నాం. బిడ్డ అరిస్తే బయట ఉంది గానీ లోపల లేదన్నారు. రెండు లెక్కలూ ఒకదానికొకటి పొసగవు. రెండింట్లోనూ ఖర్చు తప్పింది మాత్రం లెక్క వేసినవాళ్ళకే.

మన దగ్గర ఒక సామెత ఉంది: నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదు. చిన్నప్పుడు విని నవ్వుకున్నదే. ఇప్పుడు వింటే చాలా తెలివైన సామెత, చాలా దుర్మార్గమైన సామెత అనిపిస్తుంది. మొహం మనసుకి అద్దం కాదని దానికి తెలుసు. అనుమానించడానికి ఎవరి మొహాలు ఎంచుకుందో చూడండి. ఏడ్చే ఆడదాన్నీ గంభీరంగా ఉన్న మగాణ్ణీ ముట్టుకోలేదు. వాళ్ళు ఉండాల్సినట్టే ఉన్నారు కాబట్టి.

ఉండాల్సినట్టు లేనందుకు మా అక్క మాట పడింది. నాన్న పోయినప్పుడు అది ఏడవలేదు. మా వైపు చావింట్లో వచ్చిన ప్రతి బంధువుతోనూ ఆడవాళ్ళు శోకాలు అందుకుంటారు, కాసేపయ్యాక సద్దుకుని కాఫీ తాగుతారు, ఇంకో ఆటో ఆగితే మళ్ళీ మొదలు. అది నటన అని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఏడుపుకి కూడా ఒక మర్యాద ఉంటుంది, తోడు ఉంటుంది. మా అక్క ఆ తోడులో కలవలేదు. ఐస్ బాక్స్ కోసం ఫోన్లు చేసింది, షామియానా వాడితో బేరమాడింది, పురోహితుడికి లిస్టు రాసిచ్చింది. "కడుపున పుట్టిన పిల్ల, కంట తడి లేదు చూశావా" అని మా మేనత్త వంటింట్లో అనడం నేను విన్నాను. అదే పని చేస్తున్న నన్ను చూసి "పాపం, దిగమింగుకుంటున్నాడు" అన్నారు. నాలుగు నెలల తర్వాత కళ్ళజోళ్ళ షాపు నుంచి అక్కకి ఫోన్ వచ్చిందట. "నాన్నగారి అద్దాలు రెడీ అయి చాలా రోజులైందండీ, తీసుకెళ్ళలేదు" అని. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మా బావ ఎప్పుడో మాటల్లో చెబితే తెలిసింది. మేనత్త అక్కడ లేదు. నేనూ లేను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో న్యాయం చెప్పే గట్టు మీద కూర్చున్నట్టుంటుంది. మూడేళ్ళ క్రితం నాకు కిడ్నీలో రాయి వచ్చింది. రాత్రి రెండింటికి ఆస్పత్రిలో నేను పెట్టిన కేకలకు వాచ్‌మన్ కూడా లోపలికొచ్చాడు. వెంటనే ఇంజక్షన్ ఇచ్చారు. పావుగంటకి నొప్పి దిగడం మొదలైంది. నేను మాత్రం ఇంకో పావుగంట మూలుగుతూనే ఉన్నాను. ఆపితే మర్చిపోతారేమో, మళ్ళీ వస్తే పట్టించుకోరేమో అన్న భయం. కాబట్టి అవతలి మనిషి నొప్పి నటించవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నటించవచ్చు, నేనే చేశాను అంటాను. కాకపోతే అంతకు ముందు నిజం నొప్పి లేకపోతే ఆ నటన నాకు వచ్చేదే కాదు.

ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ చిక్కు మీదే ఒక చిన్న గ్రంథం రాశాడు. సంతానాంతరసిద్ధి దాని పేరు. సంస్కృత మూలం పోయింది, టిబెటన్ అనువాదం మిగిలింది. ఆయన దారి ఇది: నేను మాట్లాడే ముందు, కదిలే ముందు నాలో ఒక తలంపు ఉంటుందని నాకు తెలుసు. నా తలంపు లేకుండానే అలాంటి మాటలూ కదలికలూ ఎదురుగా కనబడుతున్నాయి. అంటే వాటి వెనక ఇంకో మనసు ఉంది. చక్కటి అనుమానం, "అనుమానం" అంటే వాళ్ళ పరిభాషలో ఊహించి తెలుసుకోవడం. దీంట్లో ఒక లోపం నాకు అమ్మ మంచం పక్కన దొరికింది. కొలబద్ద నా దగ్గరే ఉంది. నొప్పి అంటే నేను కేకలు పెడతాను. కేకలు పెట్టని మనిషిని చూస్తే నా అనుమానం మూడు అని చెబుతుంది.

బయటి తలుపులన్నీ మూసుకుపోయినవాళ్ళ విషయంలో ఈ మధ్య యంత్రాలు కొంత సాయం చేస్తున్నాయి. 2006లో ఇంగ్లండులో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా కళ్ళు తెరిచినా ఏ స్పందనా లేని 23 ఏళ్ళ యువతిని స్కానర్‌లో పెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో", తర్వాత "మీ ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అని అడిగింది. ఆమె మెదడులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో వెలిగే చోట్లే వెలిగాయి. ఆ దారిలో 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పిలిస్తే పలకని 241 మందిలో 60 మంది ఇలా లోపల మాట విన్నట్టు తేలింది. నలుగురిలో ఒకరు. ఈ లెక్కే అన్ని పేపర్లలో వచ్చింది. నాకు అంతకంటే పట్టుకున్నది ఇంకో లెక్క. చెబితే చెయ్యి ఎత్తగలిగిన, తెలివి ఉందని కళ్ళకే కనిపిస్తున్న 112 మందిని అదే పరీక్షకు పెడితే, యంత్రం పట్టుకోగలిగింది 43 మందినే. అంటే స్కానర్ కూడా పదికి మూడు అని రాసుకుని వెళ్ళిపోయే నర్సులాంటిదే. దానికి కనబడింది చెబుతుంది. కనబడలేదంటే లేదని కాదు.

అందుకే నాకు మాటల మీద ఇంకా ఆశ ఉంది. మాట కూడా బయటి ప్రవర్తనే అనుకోండి, మా అమ్మ "మూడు" చూశాం కదా. కానీ అంకెకీ మాటకీ చాలా తేడా ఉంది. మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త 1975లో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలు పోగేసి 20 గుంపులుగా పేర్చి రోగుల ముందు పెట్టాడు. ఎంత నొప్పి అన్నదానికంటే ఎలాంటి నొప్పి అన్నది ఎక్కువ చెబుతుందని. మన దగ్గర ఎవరూ పేర్చకుండానే ఉన్నాయవి. తలకి పోటు, పుండుకి సలుపు, కాళ్ళకి తీపు, కడుపులో మెలి, గుండెల్లో మంట, నడుం కలుక్కుమంటుంది, పన్ను జివ్వుమంటుంది, పిక్కలు పీకుతాయి. బహువచనం చేసి "నొప్పులు" అంటే చాలు, కాన్పు అని అందరికీ తెలుస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నదాంట్లో సలుపు మీద పోటు పడితే ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో ఉంది. ఇన్ని మాటలున్న మనిషిని పట్టుకుని పదికి ఎన్ని మార్కులు అని అడిగాం. మా అమ్మ చదివింది ఐదో తరగతి. మార్కులంటే ఆమెకి పరీక్షే. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకుండా పాసైపోవాలనుకుంది.

మర్నాడు నేనే ఇంకోలా అడిగాను. "ఎలా ఉందమ్మా, సలుపుతోందా, పోటా?"

"పోటు కాదురా. రాత్రంతా ఒకటే సలుపు. తెల్లారుజామున కాస్త తీపులోకి దిగింది. కాలు కదిపితే మాత్రం కత్తి పెట్టి తిప్పినట్టుంటోంది" అంది, గేదె పాల లెక్క చెప్పినట్టు. ఆ మాటలే నర్సుకి చెప్పాను. ఆ అమ్మాయి ఆగి, మళ్ళీ చెప్పించుకుని, డాక్టరుకి ఫోన్ చేసింది. మందు మార్చారు. ఖరీదు ఎంతో అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటుంది. 2020లో వాళ్ళు తమ నిర్వచనం దిద్దుకుంటూ, మనిషి తనకు నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలని, మాటతో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని రాసుకున్నారు. మంచి వాక్యాలే. చెప్పగలిగి కూడా తక్కువ చెప్పేవాళ్ళ గురించి అందులో ఇంకో ముక్క ఉంటే బాగుండేది. మా ఇళ్ళల్లో వాళ్ళే ఎక్కువ.

అమ్మ ఇప్పుడు ఊళ్ళోనే ఉంది, కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను హైదరాబాదులో. రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. ఎలా ఉందని అడగడం మానేశాను, దానికి జవాబు ఎప్పుడూ ఒకటే కాబట్టి. ఇన్ని నెలల్లో ఒకటి పట్టుకున్నాననుకుంటున్నాను. ఒంట్లో బాగాలేని రోజు ఆమె నన్ను "అన్నం తిన్నావా" అని ఒకసారికి రెండుసార్లు అడుగుతుంది. జవాబు వినకుండా అడుగుతుంది. ఇది కూడా బయటినుంచి లోపలికి వేసిన అనుమానమే, తప్పవచ్చని తెలుసు.

మొన్న శుక్రవారం మూడుసార్లు అడిగింది. శనివారం పొద్దున్నే బస్సెక్కాను. వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"చెప్పా పెట్టకుండా ఏంట్రా ఇలా వచ్చావు?"

"కాలు ఎలా ఉందమ్మా? సలుపా, తీపా?"

నా మొహం కాసేపు చూసింది. చాట కింద పెట్టి, కర్ర అందుకుని లేచింది.

"ముందు కాళ్ళు కడుక్కో. అన్నం తిన్నావా?"